లెక్కలోకి రాని ఆట

క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకి కీత్ మిల్లర్ పేరు తెలిసే ఉంటుంది. 55 టెస్టులు, 2,958 పరుగులు, 170 వికెట్లు. అతను ఫుట్‌బాల్ కూడా ఆడాడన్నది మన దగ్గర చాలామందికి తెలీదు. అదీ మనం టీవీలో చూసే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతితో, జట్టుకి 18 మందితో, చలికాలంలో క్రికెట్ మైదానాల్లోనే ఆడే ఆస్ట్రేలియన్ రూల్స్. మెల్‌బోర్న్‌లోని సెయింట్ కిల్డా క్లబ్బుకి 1940 నుంచి 1942 దాకా, యుద్ధమయ్యాక మళ్లీ 1946లో ఆడాడు. పేరు తెచ్చుకుంది డిఫెండర్‌గా.

ఆ ఆటలో మధ్యనుండే రెండు పొడుగు స్తంభాల నడుమ నుంచి బంతిని తంతే 6 పాయింట్లు, కాస్త పక్కకి పోతే 1. ఫుల్‌బ్యాక్ పని, అవతలి జట్టులో బాగా గోల్స్ కొట్టేవాడిని అంటిపెట్టుకుని తిరగడం. పని సరిగ్గా చేస్తే స్కోరుబోర్డు కదలదు. మిల్లర్ రికార్డులో 50 మ్యాచ్‌లు, 42 గోల్స్ అని ఉంటుంది. ఆపినవి ఎన్నో లేదు.

అవి యుద్ధం రోజులు. ప్రయాణాల మీద ఆంక్షల వల్ల జీలాంగ్ జట్టు 1942, 1943 సీజన్లు ఆడనే లేదు. మిల్లర్ వైమానిక దళంలో చేరి, ఇంగ్లండ్ నుంచి మస్కిటో విమానాలు నడిపాడు. యుద్ధం ముగిశాక అతనున్న ఆస్ట్రేలియన్ సర్వీసెస్ క్రికెట్ జట్టు 1945 డిసెంబరులో మద్రాసులో ఆడింది. అప్పటికి మా నంద్యాల, ఆళ్లగడ్డ కూడా మద్రాసు కిందే ఉండేవి.

ఆళ్లగడ్డలో మేం ఆడింది కబడ్డీ. అందులో నయం, పట్టు పట్టినవాడికీ పాయింటు ఇస్తారు.

మా అన్న నంద్యాలలో ఒక విత్తనాల దుకాణంలో లెక్కలు రాసేవాడు. మూడేళ్ల కింద నాయనకి పక్షవాతం వస్తే, ఆ పని మానుకుని ఆళ్లగడ్డలో ఉండిపోయాడు. నేను హైదరాబాదు నుంచి నెలనెలా డబ్బు పంపుతాను. దానికి బ్యాంకులో ఎంట్రీ ఉంటుంది. ఈ మూడేళ్లలో నాయనకి వీపు మీద పుండు పడలేదు. మంచం మీంచి జారి పడలేదు. ఒక్క పూట మాత్ర తప్పలేదు. వీటికి ఎంట్రీ ఎక్కడుంటుంది?

పోయిన నెల నంద్యాలలో పెళ్లికి వెళితే ఎవరో అన్నని అడిగారు, "ఇప్పుడేం చేస్తాండావు?" అని. "ఏం లేదు, ఇంట్లోనే ఉండా" అన్నాడు అన్న, నవ్వుతూ.

నాయన ఉండగానే ఇంటి పంపకం తేల్చాలని ఇప్పుడు పెద్దమనుషులు కూర్చున్నారు. నేను పంపిన డబ్బంతా కూడి ఒక పక్క రాశారు. అన్న పేరు కింద రాయడానికి వాళ్లకేమీ దొరకలేదు.

"పుండు పడని మూడేళ్లు రాయి మామా" అన్నాను.

"అదెట్ల రాయాల్రా?" అన్నాడు మామ. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగాడు. పెన్ను చేతిలోనే ఉంది. అన్న లేచి, నాయనని పక్కకి తిప్పే టైమయిందని లోపలికి పోయాడు.