తాత వేలు ఏ తీగ మీద ఉంది?



పోస్టు కొంచెం పొడుగైంది. కానీ ఈసారి దండారికి ఫోన్ పట్టుకుని ఊరికి పోయే ప్రతి ఒక్కరూ చదవాలె అని రాస్తున్నం.

మేం ఉట్నూరు దిక్కు గూడేల పిల్లలం. హైదరాబాద్‌లో ఒకే రూంలో ఉండి చదువుకుంటున్నం. మూడేండ్ల కింద దండారికి ఇంటికి పోయినప్పుడు పక్క గూడెంలో ఒక ప్రధాన్ తాత ముందర కూర్చున్నం. ఆయన కిక్రి వాయించుకుంటా మా ఇంటి దేవుళ్ళ కథ పాడిండు. మా పెద్దలు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిన్రో పాడిండు. గోండుల కథలు ప్రధాన్ల గొంతుల్లోనే బతికి ఉన్నయి, ఇది మీకు కొత్తగా చెప్పేది కాదు. ఒక ఫోన్‌తో మూడు గంటలు తీసినం.

రూంకు వచ్చినంక ఫోన్ నిండిపోయిందని ఆ వీడియోలన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోన్‌లో తీసేసినం. "ఉన్నయి కదా" అనుకున్నం. నాలుగు నెలలకు లాప్‌టాప్ హార్డ్ డిస్క్ పోయింది. రిపేరు చేసేటాయన చూసి, ఇంక రాదన్నడు. సరే, వచ్చే దండారికి మళ్ళీ తాత దగ్గరికి పోదాం అనుకున్నం. దండారి వచ్చింది. తాత లేడు.

మిగిలింది వాట్సాప్‌లో ఎవరికో పంపిన 40 సెకన్ల ముక్క ఒక్కటే. తాత మనుమడు పదో తరగతి, కిక్రి నేర్చుకుంటుండు. ఆ ముక్క చూసి, "అన్నా, పాట వినబడుతుంది గానీ తాత వేలు ఏ తీగ మీద ఉందో కనబడుతలేదు" అన్నడు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియోను కుదించి పంపుతది. చేయి ఉన్న చోట మసక మచ్చ తప్ప ఏం లేదు.

అప్పటిదాకా హెచ్‌డీ అంటే సినిమాలు మంచిగా చూసేటందుకే అనుకునేటోళ్ళం. పిల్లగాడు అడిగిన మాటకు మా దగ్గర జవాబు లేదు.

2024 ఒక్క ఏట్లనే కోయ డోలి కళాకారుడు పద్మశ్రీ సకిని రామచంద్రయ్య గారు పోయిన్రు, గుస్సాడి కనకరాజు గారు పోయిన్రు. వాళ్ళ పేర్లు పేపర్లలో వచ్చినయి. పేపర్లో పేరు రాని తాతలు, అవ్వలు ఎంతమందో. 1940లల్ల మార్లవాయిలో ఉండి మన మీద పని చేసిన హైమన్‌డార్ఫ్ తీసిన ఫోటోలు ఈ రోజు లండన్‌లో, సోయాస్‌లో ఉన్నయి. ఆయన దాచబట్టే ఉన్నయి, అది మంచిదే. కానీ మన తాత పాట చూడాలంటే మన ఇంట్లనే దొరకాలె కదా.

అందుకే మాలో ఒకరి ఇంట్ల, ఊర్లనే, వీడియోలు దాచే పెట్టె ఒకటి పెట్టినం. దీన్ని నెట్‌వర్క్ స్టోరేజ్ అంటరు. పేరు పెద్దది గానీ పని ఊరి బావి లెక్క. నీళ్ళు ఒక్కచోట ఉంటయి, అందరూ వచ్చి తోడుకుంటరు. హార్డ్ డిస్క్ ఒక్కచోట ఉంటది, ఇంట్ల రౌటర్‌కు కలిసిన ఫోన్, లాప్‌టాప్, టీవీ ఏదైనా అందులోని వీడియో తెరవొచ్చు. ఒక్కసారి అన్నీ అమర్చుకున్నంక దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. సిగ్నల్ లేని రోజు కూడా నడుస్తది. ఈ సంగతి మాకే మొదట్ల తెల్వదు.

ముందుగాల లెక్క వేసుకున్నం. మా ఫోన్‌లో 1080పి వీడియో నిమిషానికి దాదాపు 130 ఎంబీ అవుతది. గంటకు దగ్గర దగ్గర 8 జీబీ. 4కె పెడితే దానికి మూడింతలు. మేం 1080పి చాలు అనుకున్నం. వెలుతురు ఉండి, ఫోన్ దగ్గర పెట్టి, కదలకుండ స్టాండ్ మీద తీస్తే వేళ్ళు మంచిగనే కనబడతయి. చీకట్ల దూరం నుంచి తీసిన 4కె కన్నా ఇదే మేలు. దండారి మొత్తం కలిపి 20 గంటలు తీసినా 160 జీబీ దాటదు. 4 టీబీ డిస్క్ చానా ఏండ్లు వస్తది. కంప్యూటర్లో పెడితే 3.6 అని చూపిస్తది, మోసపోయినం అనుకోకండి. అమ్మేటోళ్ళు లెక్కబెట్టే తీరు వేరు, కంప్యూటర్ లెక్కబెట్టే తీరు వేరు.

పెట్టెకు రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న బోర్డు తీసుకున్నం. అరచేతిలో పడతది, కరెంటు చానా తక్కువ తింటది. మీ దగ్గర పాత కంప్యూటర్ ఉంటే అది కూడా పనికొస్తది. దానిలో ఓపెన్‌మీడియావాల్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించినం. లాప్‌టాప్ బ్రౌజర్లో దాని అడ్రస్ కొడితే సెట్టింగులన్నీ తెరుచుకుంటయి. డిస్క్‌ను జోడించి, ఒక ఫోల్డర్ చేసి, దాన్ని సాంబా పద్ధతిలో షేర్ చేస్తే పెట్టె తయారు. చూసేటందుకు పాత టీవీకి హెచ్‌డీఎంఐ వైరుతో ఆండ్రాయిడ్ టీవీ బాక్స్ తగిలించి, అందులో కోడి అనే ప్లేయర్ పెట్టినం. ఇదీ ఉచితమే.

ఇట్ల రాస్తే అలకగ అయినట్టు ఉంటది. అసలు ఎక్కడెక్కడ దెబ్బ తిన్నమో చెప్తం, మీరు తినకుండ ఉంటరు.

మొదటిది కరెంటు. ముందు చిన్న పోర్టబుల్ డిస్క్ పెట్టినం. పెద్ద ఫైలు కాపీ చేస్తుంటే మధ్యల మాయమయ్యేది. డిస్క్ చెడిపోయిందని భయపడ్డం. బోర్డు యూఎస్‌బీ నుంచి వచ్చే కరెంటు దానికి సరిపోక అట్ల అయింది. సొంత అడాప్టర్ ఉన్న పెద్ద డిస్క్ పెట్టినంక ఆ బాధ పోయింది. ఇక ఊర్ల కరెంటు పోవుడు మామూలే. రాసేటప్పుడు కరెంటు పోతే డిస్క్ మీద ఉన్నదే పాడైతది. అందుకే బోర్డును, డిస్క్‌ను, రౌటర్‌ను మూడింటినీ ఇంట్ల ఇన్వర్టర్‌కు కలిపినం.

రెండోది ఫార్మాట్. డిస్క్‌కు డిస్క్‌కు మధ్య వీడియోలు మోసేటందుకు వాడిన పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉండె. అందులో 4 జీబీ కన్నా పెద్ద ఫైలు పట్టదు. పెన్‌డ్రైవ్‌ల జాగ ఉన్నా "ఫైలు పెద్దగుంది" అంటది. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చినం. మార్చితే లోపల ఉన్నదంతా పోతది, ముందే వేరే చోట పెట్టుకోండి.

మూడోది వైఫై. టీవీలో బొమ్మ పది సెకన్లు ఆడుడు, ఆగుడు. ఇంట్ల గోడలు మందం, రౌటర్ అవతలి అర్రలో. బాక్స్‌కు రౌటర్ నుంచి వైరు గుంజినం. అంతే, ఒక్కసారి ఆగలే. మా వీడియోకు కావాల్సింది సెకనుకు 17 మెగాబిట్లు. మామూలు వైరు పోర్టు కూడా 100 ఇస్తది. టీవీకి, పెట్టెకు వైరే వేయండి, ఫోన్లకు వైఫై ఉంచండి. రౌటర్లో పెట్టెకు ఒకటే అడ్రస్ ఖాయం చెయ్యండి. లేకుంటే కరెంటు వచ్చిపోయినప్పుడు అడ్రస్ మారి, కోడి దాన్ని వెతుక్కుంటది.

నాలుగోది, కొన్ని వీడియోలకు మాట వస్తది, బొమ్మ రాదు. కొత్త ఫోన్లు జాగ ఆదా చేయడానికి హెచ్.265లో తీస్తయి. పాత బాక్సులకు, టీవీలకు అది చదవరాదు. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో హెచ్.264 పెట్టినం. కొంచెం జాగ ఎక్కువైనా పాత వాటిలో కూడా నడుస్తది.

ఇవన్నీ సరిచేసి సంబురపడ్డంక మాలో ఒక చెల్లె అడిగింది: "ఈ డిస్క్ పోతే?" అప్పుడు అందరం గప్‌చుప్ అయినం. ఎందుకంటే ఆ లాప్‌టాప్ కథ కూడా ఇదే కదా. ఒక్కచోట ఉన్నదంటే లేనట్టే లెక్క. రెండు డిస్కులకు ఒకేసారి రాసే పద్ధతి ఉంది గానీ, అందులో తప్పున ఒకటి చెరిపితే రెండోదాంట్ల కూడా చెరిగిపోతది. అందుకే వేరే డిస్క్‌కు వారానికి ఒకసారి కాపీ చేస్తున్నం. మూడో కాపీ హైదరాబాద్ రూంలో. ఇల్లు కాలినా, పిడుగు పడినా ఒకటి మిగలాలె. అప్పుడప్పుడు మూడో కాపీ నుంచి ఒక వీడియో తెరిచి ఆడుతుందా లేదా చూస్తం.

యూట్యూబ్‌లో పెడితే అయిపాయె కదా అని కొందరు అడిగిన్రు. పెద్దలను అడిగినం. గుస్సాడి ఆట, పాట పెట్టుకోమన్నరు. పెన్ పూజ మాత్రం వద్దన్నరు, అది మన వాళ్ళ మధ్యల ఉండేది. అందుకే పెట్టెలో రెండు ఫోల్డర్లు చేసినం. ఒకటి అందరికీ. రెండోదానికి పాస్‌వర్డ్ ఉంది, అది ఇంటి పెద్ద చేతిలో ఉంది. మేమే కట్టిన పెట్టె అయినా మేం అడగకుండ తెరవం. ఏది చూపాలె, ఏది దాచాలె అనేది చదువుకున్న మేం ఒక్కరమే తేల్చేది కాదు.

పోయిన దండారికి తాత తమ్ముడి దగ్గర కూర్చుని కిక్రి తీసినం. తాత పాడినంత ఆయనకు రాదు, ఆయనే చెప్పిండు. తాత భార్య, అవ్వ, గుర్తున్న కాడికి పక్క నుంచి అందిచ్చింది. రెండో రోజు రాత్రి టీవీలో పెట్టినం. ఇల్లంతా నిండింది. అవ్వ తనను తాను చూసుకుని నవ్వలే. కాసేపు విని, "అక్కడ ఒక మాట తప్పిన, మళ్ళ తీయుండ్రి" అన్నది. మళ్ళ తీసినం. పాతది కూడా ఉంచినం.

మనుమడు రిమోట్ పట్టుకుని ఒకటే చోట ఆపుడు, వెనక్కి జరుపుడు. చిన్న తాత వేలు ఏ తీగ మీద ఉందో చూసి, తన కిక్రి మీద పెట్టి చూసుకునుడు. "ఇది చిన్న తాత తీరు, తాత తీరు వేరే ఉండె" అన్నడు. నిజమే. ఆ మూడు గంటలు ఏ పెట్టె కొన్నా రావు.

మీరంతా ఇవన్నీ కొనాలె అని చెప్తలేం. పెట్టె తర్వాత. మీ ఫోన్‌లో ఇప్పుడు ఉన్న తాత వీడియో, అవ్వ పాట, ఈ ఆదివారమే ఇంకొక చోటికి కాపీ చెయ్యండి. వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, కుదించదు. ఫైలుకు తేదీ, ఊరు, పాడినోళ్ళ పేరు రాయండి. వాళ్ళను ఒక మాట అడిగి రాయండి. ఎక్కడన్నా ఆగిపోతే కింద కామెంట్‌లో పెట్టండి, మాకు తెలిసింది చెప్తం.

జై సేవా.