మోయాబ్ దారిలో వణికిన స్టీరింగ్

డెన్వర్ నుంచి మోయాబ్‌కు సుమారు 350 మైళ్లు. ఐ-70 హైవే రాకీ పర్వతాలెక్కి, 11,158 అడుగుల ఎత్తున ఐసెన్‌హోవర్ సొరంగం దాటి, కొలరాడో నది వెంట గ్లెన్‌వుడ్ లోయలోంచి సాగి, గ్రాండ్ జంక్షన్ తర్వాత యూటా ఎడారిలోకి దిగుతుంది. మోయాబ్ ఎర్రరాతి గుట్టల మీద బండి నడపాలన్నది మా బావ చిరకాల కోరిక. అందుకే 2012 మోడల్ జీప్ ర్యాంగ్లర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పాత యజమాని అప్పటికే దాన్ని మూడంగుళాలు లేపి, 35 అంగుళాల టైర్లు వేయించాడు.

సొరంగం దాటి కిందికి దిగేటప్పుడే బండి తీరు తెలిసింది. ఎంత సూటిగా పట్టుకున్నా లేన్‌లో అటూ ఇటూ పోతోంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నడిమికి రావడం లేదు. చక్రాలు తిన్నగా ఉన్నా స్టీరింగ్ మాత్రం ఓ పక్కకు తిరిగి ఉంటోంది.

గ్రాండ్ జంక్షన్ దాటాక అసలు గండం ఎదురైంది. గంటకు అరవై మైళ్ల వేగంలో వంతెన అతుకు మీద చిన్న కుదుపు. మరుక్షణం ముందు చక్రాలు రెండూ ఎడాపెడా కొట్టుకోసాగాయి. బండి మొత్తం ఊగిపోయింది.

“బావా, స్టీరింగ్ గట్టిగా పట్టుకో! సడన్ బ్రేకు వేయకు, మెల్లగా స్లో చెయ్!” అని అరిచాను.

వేగం బాగా తగ్గాకగానీ ఆ వణుకు ఆగలేదు. అమెరికాలో జీపులు నడిపేవాళ్లు దీన్ని ‘డెత్ వాబుల్’ అంటారు. క్రెసెంట్ జంక్షన్ దగ్గర 191 రోడ్డులోకి తిరిగి, నెమ్మదిగా మోయాబ్ చేరాం.

జీపు రిపేరుకు అంతకన్నా తగిన ఊరు ఉండదు. 1950లలో యురేనియం వేటగాళ్లు ఈ కొండల్లో దారులు తొలిచారు. గని మూతపడినా దారి మిగిలింది. 1967లో మొదలైన ఈస్టర్ జీప్ సఫారీకి ఇప్పటికీ ఏటా బళ్లు బారులు తీరతాయి.

“కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే పోదా?” అని బావ అడిగాడు. మేం వెళ్లిన మెకానిక్ షెడ్డులోని పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. డ్యాంపర్ వణుకును కప్పిపెడుతుందే తప్ప దాని మూలాన్ని తీయదు. ఆయన చక్రాలు నేల మీదే ఉంచి, ఇంజిన్ ఆన్ చేయించి, స్టీరింగ్‌ను కొద్దిగా కుడికీ ఎడమకీ తిప్పుతూ ఉండమన్నాడు. తాను బండి కిందికి దూరి టై రాడ్, డ్రాగ్ లింక్, బాల్ జాయింట్లు ఒక్కొక్కటే చూస్తూ వచ్చాడు. ట్రాక్ బార్ దగ్గర ఆగాడు. ఇరుసు వైపు బోల్టు తన రంధ్రంలోనే కదులుతోంది.

ర్యాంగ్లర్ ముందు ఇరుసు ఒకే ఉక్కు దూలం. అది పక్కకు జరగకుండా పట్టి ఉంచేది ట్రాక్ బార్. ఈ కడ్డీ ఒక కొస ఛాసిస్‌కు, రెండో కొస ఇరుసుకు బిగించి ఉంటాయి. అక్కడ కాస్త వదులు వచ్చినా చాలు, చిన్న కుదుపుకే ఇరుసు ఊగడం మొదలై, ఆ ఊపు తనను తాను పెంచుకుంటూ పోతుంది. రంధ్రం అరగలేదు కాబట్టి కొత్త బోల్టు వేసి, బరువు చక్రాల మీద ఉండగానే టార్క్ రెంచ్‌తో 125 ఫుట్-పౌండ్లకు బిగించాడు.

మిగతా లోపాలు బండి లేపడం వల్ల వచ్చినవే. బండి లేస్తే ట్రాక్ బార్ ఏటవాలవుతుంది, ఇరుసు డ్రైవరు వైపు కొద్దిగా జరుగుతుంది, స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కడ్డీ అయిన డ్రాగ్ లింక్ కోణం మారుతుంది. స్టీరింగ్ పక్కకు తిరిగింది అందుకే. డ్రాగ్ లింక్ పొడవును సరిచేస్తే అది నడిమికొచ్చింది. ఈ రెండు కడ్డీలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఒకదాన్ని మాత్రమే కిందికి దించితే గతుకు గతుకుకీ స్టీరింగ్ తిరిగిపోతుంది.

లేన్‌లో నిలవకపోవడానికి, స్టీరింగ్ తనంతట తాను నడిమికి రాకపోవడానికి కారణం క్యాస్టర్. సైకిలు ముందు ఫోర్కులాగే, స్టీరింగ్‌తో చక్రం పక్కకు తిరిగే అక్షం పైభాగం వెనక్కి వాలి ఉంటేనే బండి సూటిగా పోతుంది. కంపెనీ ఇచ్చిన ఆ వాలు నాలుగు డిగ్రీల పైచిలుకు. ఈ బండిలో రెండే మిగిలాయి. అడ్జస్టబుల్ కంట్రోల్ ఆర్మ్‌లు బిగించి ఐదుకు తెచ్చారు. ఇంకా పెంచితే ముందు డ్రైవ్ షాఫ్ట్ కోణం చెడి బండి అదురుతుంది.

తర్వాత శాండ్ ఫ్లాట్స్‌లోని ఫిన్స్ అండ్ థింగ్స్ దారిలో రాతి వీపుల మీద ఎక్కుతూ దిగుతూ పోయాం. పశువులు తోలుకెళ్లిన బాటను యురేనియం రోజుల్లో వెడల్పు చేసిన షేఫర్ ట్రయిల్‌లో, వెయ్యి అడుగులకు పైగా లోతైన లోయ అంచున మెలికలు దిగాం. స్టీరింగ్ చెప్పిన మాట విన్నది. పెద్దాయన చెప్పినట్టు, కొండ దిగాక ట్రాక్ బార్ బోల్టుల టార్క్ మళ్లీ చూశాం.

2023లో మన దేశ మార్కెట్లోకి వచ్చిన జిమ్నీ బండికీ ముందు ఇరుసు ఇలాంటిదే, దాన్ని పట్టి ఉంచే అడ్డ కడ్డీ కూడా ఉంది. రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ నిర్దేశించినదానికి తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. బండి లేపాలనుకుంటే ముందు ఆ సంగతి తేల్చుకోండి. అప్పటికే లేపిన బండి కొంటుంటే అలైన్‌మెంట్ రిపోర్టులో క్యాస్టర్ అంకె చూడండి. బండి కింద పడుకుని ట్రాక్ బార్ బోల్టులు చూడనిదే హైవే ఎక్కకండి.