అత్తాకోడండ్ర యడవి

కేరళమున పాలక్కాడు జిల్లాలో అత్తాకోడండ్ర పేళ్లుగల మహారణ్యమొకటి కలదు. ద్రౌపది మాఱుపేరున అది సైరంధ్రీవనము; అందు పాఱు నది కుంతి. లోకులు దీనిని సైలెంట్ వ్యాలీ యందురు. ఆ నదికి ఆనకట్ట గట్టి విద్యుచ్ఛక్తి తీయదలచినపుడు కవయిత్రి సుగతకుమారి మొదలగువారు అడవిపక్షమున నిలిచిరి. 1983లో ఆ యత్నము విరమింపబడెను. 1984లో అడవి జాతీయోద్యానమయ్యెను.

పోగోరువారు ముక్కాలిలోని అటవీశాఖవారి యనుమతి ముందుగా పొందవలయును. అచ్చటినుండి సైరంధ్రికి 23 కిలోమీటర్లు. వారు ఏర్పఱచిన బండ్లలోనే పోవలెను. వానకాలమున జలగలు మెండు గనుక చలికాలము మేలు. సింహమునకువలె తోకకుచ్చుగల నల్లకోతులను చూడవలెనన్న బిడ్డలకు మౌనము నేర్పుడు. వానికి తినుబండారములు పెట్టకుడు. నీట మునిగిపోవలసిన యడవి నేడు మన బిడ్డల కన్నులకు పచ్చగా కనబడుచున్నది. మనుమరాండ్రకును అట్లే మిగులవలెను.