పాత బడికి పైకప్పు, లోపల తెలుగు తరగతి



తిరుత్తణి చుట్టుపక్కల పల్లెలలో తిరిగినవారికి పాత బడి కట్టడాలు కొత్త కావు. ఇటుకకు సున్నపు గచ్చు పట్టించిన మందపాటి గోడలు, ముందు పొడవాటి వసారా, పైన బెంగుళూరు పెంకులు. కొన్నిచోట్ల పెంకులకు బదులు టేకు దూలాల మీద సన్నని ఇటుకలు నిలువుగా పేర్చి వేసిన మిద్దె ఉంటుంది. వీటిలో కొన్ని నేలమట్టమైనవి. కొన్నింటికి తాళాలు పడినవి. అలా తాళం పడిన ఒక బడిని బాగుచేయించడానికి పళ్ళిపట్టు వైపు ఒక ఊరిలో పెద్దలు చందాలు పోగుచేస్తున్నారు. ఊరి పేరు ఇక్కడ వ్రాయను. పని ఇంకా నడుస్తున్నది. ఊరి చరిత్ర వ్రాసుకోవాలని పాత దస్తావేజులు, ఫోటోలు సేకరిస్తూ వచ్చిన సంఘం వారిది. వారిలో తెలుగువారూ ఉన్నారు, తమిళులూ ఉన్నారు. తెలుగు పంతులు ఒకరు ఉంటే మంచిదని నన్ను కూడా పిలిచి కూర్చోబెట్టారు.

మీతో చెప్పదలచిన మాట ఒక్కటే. మీ ఊరిలోనూ ఇటువంటి ప్రయత్నం మొదలైతే, మొదటి రూపాయి ఇవ్వకముందే, బాగుపడిన ఆ కట్టడంలో తెలుగు తరగతి కొనసాగుతుందని తీర్మానం వ్రాయించుకోండి. గోడలకు సున్నం తరువాత వేయవచ్చును.

ఇంత పట్టుదల దేనికని అడుగుతారేమో. మన ప్రాంతపు కథ మీకు తెలియనిది కాదు, అయినా పిల్లలకు చెప్పేటప్పుడు పనికివస్తుంది గనుక వ్రాస్తున్నాను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో భాగమైనది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లాతో పాటు ఆంధ్రలోనికి వెళ్ళినది. తిరుత్తణి తమదేనని మా.పొ. శివజ్ఞానం గారి నాయకత్వంలో తమిళులు ఉద్యమించారు. పటాస్కర్ గారి మధ్యవర్తిత్వం నడిచినది. 1959లో పార్లమెంటు సరిహద్దుల మార్పు చట్టం చేసినది. 1960 ఏప్రిల్ 1 నుండి తిరుత్తణి తాలూకా, పళ్ళిపట్టు ప్రాంతం మదరాసు రాష్ట్రంలో చేరినవి; సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళినది. ఆ తరువాత మనం చెంగల్పట్టు జిల్లాలో ఉన్నాము, 1997 నుండి తిరువళ్లూరు జిల్లాలో ఉన్నాము. ఊళ్ళు ఎక్కడివక్కడే ఉన్నవి. బళ్ళూ అక్కడే ఉన్నవి. మారినది పైనున్న కచేరీ భాష.

ఈ మార్పు నేను చెప్పిన బడిలోని ప్రవేశ రిజిష్టరులో కంటికి కనబడుతుంది. చెదలు తిన్న అంచులు, వెలసిన నల్లసిరా. మొదటి పుస్తకంలో గడుల పేర్లు తెలుగులో ఉన్నవి: పిల్లవాని పేరు, తండ్రి పేరు, వృత్తి, పుట్టిన తేదీ, చేరిన తేదీ, బడి విడిచిన తేదీ, కారణము. తరువాతి పుస్తకంలో అవే గడులు తమిళంలో ఉన్నవి. పిల్లల పేర్లు మాత్రం అవే ఇంటిపేర్లతో, అవే వృత్తులతో సాగుతూ పోయినవి: సేద్యము, నేతపని, కూలి. బడి విడిచిన కారణం దగ్గర "మగ్గము పనికి" అని వ్రాసిన వరుసలు చాలా ఉన్నవి. పొదటూరుపేట, అమ్మయారుకుప్పం వైపు మరమగ్గాల చప్పుడు వింటూ పెరిగినవారికి ఆ రెండు మాటలకు వ్యాఖ్యానం అక్కరలేదు.

సంఘం వారు మొదట వేసుకొన్న కరపత్రం చిత్తులో డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పేరు పెద్ద అక్షరాలతో ఉన్నది. ఆయన 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో పుట్టినారు, తొలి చదువు అక్కడే సాగినది, తరువాత తిరుపతి, వేలూరు, మదరాసులలో చదువుకొన్నారు. ఇది అందరికీ తెలిసిన సంగతే. అంతమాత్రాన చుట్టూ ఉన్న ప్రతి పాత బడిలోనూ ఆయన పలక పట్టుకొని కూర్చున్నారని చెప్పలేము గదా! మన బడి ఆయన పెద్దవారైన ఎంతో కాలానికి కట్టినది. ఆ పేరు తీసివేయమని నేను అడిగితే, చందా తగ్గిపోతుందని ఒకరు బాధపడ్డారు. తగ్గలేదు. ఆ పేరున్న చోట రిజిష్టరులోని ఇంటిపేర్లు వేశాము.

చందాల విషయంలో నాకు కనబడిన మంచి దారి ఇదే. రిజిష్టరు నుండి కుటుంబాల జాబితా వ్రాసుకొన్నాము. తాత పేరు, ఆయన బడిలో చేరిన తేదీ చెప్పి, నేడు చెన్నైలోనో, అరక్కోణంలోనో, బెంగుళూరులోనో ఉన్న మనవళ్ళను అడిగాము. "పాత బడికి సాయం చేయండి" అంటే మర్యాదకు వంద ఇచ్చేవారు. "మీ తాతగారు ఈ బడిలో ఫలానా రోజున చేరినారు, వరుస సంఖ్య ఇది" అంటే ఆ పుట చూడాలని బయలుదేరి వచ్చేవారు. తెలుగు చదవడం రాని ఒక పిల్లవాడు, కాలేజీలో చదువుతున్నవాడు, ఆ పుట మీద వేలు పెట్టి "ఇదేనా మా తాత పేరు?" అని తమిళంలో అడిగినాడు. నేను చదివి వినిపించాను. (ఒక హెచ్చరిక: రిజిష్టరులో కులం గడి కూడా ఉంటుంది. పుటలను ఫోటో తీసి అందరికీ పంచవద్దు. ఎవరి వరుస వారికి మాత్రమే చూపించండి.)

ఇక కట్టడం సంగతి. పాత బళ్ళంటే భయపడే తల్లిదండ్రులను తప్పుపట్టకూడదు. 2004 జూలై 16న కుంభకోణంలో పాఠశాల అగ్నిప్రమాదంలో 94 మంది పిల్లలు పోయినారు; అక్కడ మంట పట్టుకొన్నది గడ్డి కప్పు. 2021 డిసెంబరు 17న తిరునల్వేలిలో ఒక పాఠశాల మరుగుదొడ్డి గోడ కూలి ముగ్గురు విద్యార్థులు చనిపోయినారు. ఆ పిమ్మట రాష్ట్రమంతటా శిథిలమైన పాఠశాల కట్టడాలను గుర్తించి కూల్చే పని చేపట్టారు. అది అవసరమైన పనే. మా సమావేశంలో ఒక తల్లి లేచి, "అయ్యవారూ, మీకు పాత గోడలు ముద్దు, మాకు బిడ్డలు ముద్దు. పెంకు జారి నెత్తిన పడితే ఎవురు జవాబు చెప్తారు?" అని అడిగినది. అక్కడున్న పెద్దలలో ఎవరూ వెంటనే నోరు తెరవలేదు. ఆమె అడిగిన తరువాతనే, ఇంజనీరు వచ్చి చూసి కట్టడం గట్టిదని కాగితం మీద వ్రాసి ఇవ్వనిదే ఒక్క పిల్లవాడినీ లోపలికి పంపరాదని మినిట్సులో చేరినది. చరిత్ర మీద ప్రేమ ఉన్నవారికి ఈ ప్రశ్న వేసేవారు పక్కన ఉండడం చాలా మంచిది.

ఆ తల్లి మాటకు సగం జవాబు మేస్త్రి చెప్పినాడు. డెబ్బై దాటిన మనిషి. గోడను చేత్తో తట్టి, క్రింది భాగంలో ఎప్పుడో పూసిన సిమెంటును చూపించినాడు. "ఈ సిమెంటే గోడను తినింది సామీ. లోపలి చెమ్మ బయటికి రాక ఇటిక పొడి అయిపోయింది. పైన సున్నం ఉన్నచోట చూడండి, గోరు దిగదు." నేను చూశాను. నిజమే. పాత పద్ధతిలో సున్నాన్ని రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో నూరి, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు చేర్చి పూసేవారు. అది నెమ్మదిగా గట్టిపడుతుంది, చెమ్మను పట్టి ఉంచదు. సిమెంటు తొందరగా గట్టిపడుతుంది, చెమ్మను లోపల బిగించివేస్తుంది. అందుచేత పాత గోడకు సిమెంటు పూసి రంగు వేస్తే ప్రారంభోత్సవం నాటికి అందంగానే ఉంటుంది; నాలుగైదు వానకాలాలు పోయాక అడుగున ఉప్పు పేరుకొని గచ్చు ఊడుతుంది. సున్నం పనికి కూలి ఎక్కువ, రోజులు ఎక్కువ, తెలిసిన మేస్త్రీలు తక్కువ. చందా అడిగేటప్పుడు ఈ సంగతి దాచకండి. ఎక్కువ ఎందుకవుతున్నదో వివరిస్తే జనం ఇస్తారు.

మరి తీర్మానం దేనికి? పాత బడిని బాగుచేసి "స్మారకము" అని బోర్డు పెట్టి, తెలుగు పిల్లలను రెండు మైళ్ళ దూరాన ఉన్న మరొక బడిలో కలిపివేస్తే ఏమి జరుగుతుందో మనకు తెలుసును. ఒకటి, రెండు తరగతుల చిన్నపిల్లలు అంత దూరం నడవరు. తల్లిదండ్రులు ఊరి పక్కనుండే వ్యానులో ఇంగ్లీషు మీడియానికి పంపుతారు. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రులు అంగీకరించిన సూత్రం ఇప్పటికీ మనకు పెద్ద ఆధారం: బడిలో 40 మంది, లేదా తరగతిలో పదిమంది ఉంటే మాతృభాషలో ప్రాథమిక బోధన ఏర్పాటు చేయాలని దాని సారాంశం. 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఏ అధికరణం కూడా భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సౌకర్యాలు కల్పించమంటున్నది. కానీ సంఖ్య పదికి తగ్గితే ఆధారం మన చేతినుండి జారిపోతుంది. పై తరగతులలో తెలుగుకు ఇప్పటికే చోటు ఇరుకైనది. 2006 నాటి తమిళం నేర్పు చట్టం ప్రకారం పదవ తరగతి వరకు మొదటి భాగం తమిళం, రెండవది ఇంగ్లీషు, మూడవది ఇతర విషయాలు. మాతృభాష నాలుగవ భాగంలో ఐచ్ఛికంగా మాత్రమే ఉన్నది. తమిళం మన పిల్లలకు రావాలి, అందులో నాకు రెండవ మాట లేదు. అయితే తెలుగు గట్టిగా నిలబడేది ప్రాథమిక తరగతులలోనే, అవి నిలబడేది ఇంటికి నడచివెళ్ళే దూరంలో బడి ఉంటేనే. అందుకే ఈ గోడల గురించి ఇంత వ్రాయవలసి వచ్చినది.

కడపలో జరిగిన పని మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సి.పి. బ్రౌన్ దొర నివసించిన బంగళా శిథిలమై మొండిగోడలు మిగిలినచోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి, గ్రంథాలయాన్ని నిలబెట్టినారు. 1980లలో మొదలైన ఆ పని 1990లలో పూర్తయినది. నేడది యోగి వేమన విశ్వవిద్యాలయం క్రింద బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. శాస్త్రిగారు 2014లో కన్నుమూశారు. ఆయన మొండిగోడలకు కంచె వేసి, విగ్రహం పెట్టి ఊరుకొన్నట్లయితే చందా పదోవంతు సరిపోయేది. పుస్తకాలు, పాఠకులు ఉండాలని ఆయన కోరినారు గనుకనే ఆ తలుపులు రోజూ తెరుచుకొంటున్నవి.

మనకు చేతిలో ఉన్న సాధనాలు కూడా తక్కువేమీ కావు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల నిర్వహణ సంఘంలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. తెలుగు తల్లిదండ్రులు అందులో సభ్యులై కూర్చొని, "ఫలానా గదులు తెలుగు మాధ్యమం తరగతులకు" అని తీర్మానించి, నకలును బ్లాకు విద్యాధికారికి ఇచ్చి రసీదు పుచ్చుకోవాలి. పంచాయతీ యూనియన్ బడి అయితే కట్టడం యూనియన్‌ది గనుక, వారి అనుమతి లేనిదే ఒక్క పెంకు కూడా దింపరాదు. 2022 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం "నమ్మ స్కూల్ నమ్మ ఊరు పళ్ళి" పథకం ఆరంభించినది. పూర్వ విద్యార్థులు ప్రభుత్వ పాఠశాలలకు ఆ దారిలో విరాళం ఇవ్వవచ్చును. డబ్బు ఎవరి చేతిలోనూ నిలవ ఉండదు గనుక ఊరిలో అనుమానాలూ పుట్టవు.

మా ఊరి తీర్మానం మూడు సమావేశాలు పట్టినది. తమిళ మిత్రులు అడ్డుపడతారని కొందరు ముందే అనుకొన్నారు. అడ్డుపడినది మనవాడే. "తెలుగు చదివి ఏమి ఉద్యోగం చేస్తారు, కంప్యూటరు గది పెట్టండి" అన్నాడు. చివరకు సంఘంలోని ఒక తమిళ పెద్దాయన, "అన్నా, మీ నాయన పేరు ఈ రిజిష్టరులో తెలుగులోనే ఉండాది. దాన్ని చదివేవాళ్ళు ఊళ్ళో నలుగురైనా వద్దా?" అని తన యాస తెలుగులోనే అడిగినాడు. కంప్యూటరు వసారా చివరి గదిలో పెట్టుకోవచ్చునని ఒప్పుకొన్నారు. రెండు గదులు తెలుగుకు వ్రాశారు.

పైకప్పు దింపే పని వేసవి సెలవులలోనే కావాలి. జూన్‌లో బడి తెరిచేలోగా పెంకులు ఎక్కాలి. ఈశాన్య ఋతుపవనాల వానలకు ముందే గోడల గచ్చు ఆరాలి. ఒక చిక్కు మాత్రం మిగిలి ఉన్నది. నడిమి గది కప్పు ఎన్నడో పడిపోయి రేకులు వేశారు; పూర్వం అక్కడ పెంకులుండేవా, మిద్దె ఉండేదా అని పెద్దలలో ఇద్దరు ఇద్దరుగా వాదిస్తున్నారు. పళ్ళిపట్టు, ఆర్.కె. పేట వైపు చదువుకొన్నవారి ఇళ్ళలో 1960, 70ల నాటి తరగతి ఫోటోలు ఉంటే ఒకసారి బయటికి తీయండి. పిల్లల వరుసల వెనుక పైకప్పు అంచు కనబడుతున్నదేమో చూసి చెప్పండి. మేస్త్రి ఆ జవాబు కోసమే ఎదురుచూస్తున్నాడు.