ఓడలో వ్రాసిన దినచర్య

పూర్వము మహాసముద్రములలో తిమింగిలములను వేటాడిన నావికులు ఏండ్ల తరబడి ఇల్లు విడిచి యుండెడివారు. ఆ ఓడలలో ప్రతిదినము గాలి వీచిన దిక్కును, ఓడ నడచిన దారిని ఒక పుస్తకమున వ్రాయుట ఆచారము. తిమింగిలము చిక్కిన నాడు పుట అంచున దాని బొమ్మను ముద్ర వేసెడివారు. అది తప్పించుకొనినచో తోక బొమ్మ మాత్రమే వేసెడివారు. ఆ ఓడల కాలము గతించినది. కాని ఆ వ్రాతలను బట్టియే నాటి గాలుల తీరును నేటి శాస్త్రజ్ఞులు గ్రహించుచున్నారు.

అట్టి ఓడ దినచర్య యొకటి మన తీరమును గూర్చియు కలదు.

కారంచేడునకు ఎంతో దూరమున లేని మోటుపల్లి రేవులో, 1244వ సంవత్సరమున, కాకతీయ గణపతిదేవుడు సముద్రవర్తకులకు అభయమిచ్చుచు శిలాశాసనము వేయించెను. ఓడ పగిలి సరకులు ఒడ్డునకు కొట్టుకొని వచ్చినచో వానిని రాజులు కాజేయుట ఆనాటి వాడుక. గణపతిదేవుడు ఆ వాడుకను మాన్పి, న్యాయమైన సుంకము మాత్రమే గైకొందునని మాట యిచ్చెను. రాజు మాట రాతిపై నిలిచినది.

1611 ఆగస్టు నెలలో అదే తీరమున ఈశాన్యముగా నున్న నిజాంపట్టణమునకు 'గ్లోబు' అను ఇంగ్లీషు ఓడ వచ్చెను. ఆ రేవును పరదేశీయులు పెటపోలి అని పిలిచెడివారు. ఓడలో పీటరు ఫ్లోరిసు అను డచ్చి వర్తకుడుండెను. అతడు తన ప్రయాణమంతయు దినచర్యగా వ్రాసికొనెను. నిజాంపట్టణము నుండి మచిలీపట్టణమునకు, అచ్చట నుండి జావా, సయాము దేశములకు పోయి, తిరిగి మన తీరమునకే వచ్చెను.

1614లో నరసాపురమున గోదావరి పొంగిన సంగతిని అతడు వ్రాసినాడు. అంతటి వెల్లువ 29 ఏండ్లలో లేదట. ఉప్పుకుప్పలు, ధాన్యము కొట్టుకొని పోయెను. వేలకొలది మనుష్యులు, పశువులు మునిగి చచ్చిరి. 1977లో దివిసీమ ఉప్పెనను ఎరిగిన తీరవాసులకు ఆ పంక్తులు కట్టుకథ వలె తోచవు.

అంతకన్న ఆశ్చర్యము గొలుపు ఘట్టము వేరొకటి కలదు. మచిలీపట్టణపు అధికారి ఫ్లోరిసునకు బాకీపడి, ఎన్నిమార్లు అడిగినను చెల్లింపడాయెను. ఓడ తిరుగు ప్రయాణమునకు వేళ యైనది. అప్పుడు ఫ్లోరిసు సాహసించి, సుంకపుశాలలో నున్న అధికారి కుమారుని బలాత్కారముగా పట్టి ఓడకు చేర్చెను. ఫ్లోరిసు వ్రాసిన తీరును బట్టి చూడగా ఆ యువకుని పేరు వెంకటాద్రి కాబోలు. అతడు బ్రాహ్మణుడు, తాను వండుకొనినది తప్ప పరుల యింట అన్నము గాని, నీరు గాని ముట్టని నియమము కలవాడు. ఓడలో పస్తుండెను. ఫ్లోరిసు మనస్సు కరగినది. అతనికి మారుగా గౌరవనీయులైన ముసల్మానులు ఇద్దరు వచ్చి ఓడలో నున్నచో అతనిని విడిచెదనని చెప్పెను. ఎవ్వరును రాలేదు. తుదకు బాకీ తీరిన పిమ్మటనే ఆ యువకుడు విడుదల పొందెను.

అప్పు తండ్రిది, ఆకలి కొడుకుది. ఫ్లోరిసు ఈ ముక్క వ్రాయక విడిచినచో, బాకీ వసూలైనదన్న లెక్క మాత్రమే మిగిలియుండెడిది. కాని అతడు తాను చేసిన బలాత్కారమును, తనకు కలిగిన జాలిని రెండింటిని దాచక వ్రాసెను.

ఫ్లోరిసు 1615లో లండను చేరి, ఆ యేడే మరణించెను. డచ్చి భాషలో నున్న అతని దినచర్య ఇంగ్లీషులోనికి మారి, 1625లో కొంతభాగము, 1934లో సమగ్రముగా అచ్చయ్యెను.

మోటుపల్లి రాయి రాజుగారి మాటను నిలిపినది. ఓడలోని కాగితము, ఏ శాసనమునకును ఎక్కని ఒక తెలుగు యువకుని పస్తును నిలిపినది. దినచర్య వ్రాయుటకు గొప్ప విద్య అక్కరలేదు. తనకు చిన్నతనము తెచ్చు మాటను గూడ కొట్టివేయక ఉంచు ధైర్యము చాలును.