మగ్గం పక్కన సెల్‌ఫోన్!

చీర ఇంకా మగ్గం మీదే ఉంది. కొంగు నేయడం కూడా పూర్తికాలేదు. కానీ దాన్ని చూసి ముచ్చటపడ్డవాళ్లు అప్పుడే బెంగళూరులో ఉన్నారు, అమెరికాలోనూ ఉన్నారు! భూదాన్ పోచంపల్లిలో ఇప్పుడు నేతన్నకు ఓ పక్క కండెల బుట్ట, మరోపక్క సెల్‌ఫోన్.

హైదరాబాద్ నుంచి విజయవాడ రహదారి మీద కొంతదూరం వెళ్లి ఎడమవైపు తిరగాలి. మొత్తం 50 కిలోమీటర్ల ప్రయాణం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చిన ఊరు ఇదే. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిందీ ఈ ఊరినే. వీధిలోకి అడుగుపెడితే చాలు, ఇళ్లలోంచి మగ్గాల చప్పుడు పలకరిస్తుంది.

ఫొటోనే దుకాణం
ఇక్కడ చాలా కుటుంబాలకు తెలిసింది ఒకటే పద్ధతి. మాస్టర్ వీవర్ నూలు, పట్టు, రంగులు ఇస్తాడు. నేసిపెడితే కూలి ముడుతుంది. చీర ఎవరు కట్టుకున్నారో, ఎంతకు కొన్నారో నేసినవాళ్లకు తెలియదు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడి చీరలు ఇళ్లలోనే ఉండిపోయాయి. అలాంటి సమయంలో వాట్సాప్‌లో పంపే ఫొటోనే దుకాణమైంది. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ చిన్న వ్యాపారులకు మరింత కలిసొచ్చింది. చీరల బొమ్మలు, ధరలు వరసగా పెట్టుకోవచ్చు. మగ్గం మీద ఉన్నప్పుడు ఎవరైనా పలకరిస్తే దానంతటదే జవాబు వెళ్లేలా చేసుకోవచ్చు.

అయితే ఫొటోకీ ఓ పద్ధతుంది. ట్యూబ్‌లైటు కింద తీస్తే మెరూన్ ఎరుపులా కనిపిస్తుంది. చీర చేతికందాక కొన్నవాళ్లు 'ఈ రంగు కాదు' అంటారు. అందుకే ఆరుబయట పగటి వెలుగులో తీయాలి. అంచు, కొంగు, వెనకవైపు అన్నీ చూపించాలి. పోగు సాగినచోటా దాచకుండా చెప్పాలి. ఒకసారి నమ్మకం కుదిరితే ఆ ఇల్లాలే పదిమందికి చెబుతుంది.

చూపినా చిక్కే
డిజైను కోసం పోగులు లెక్కబెట్టాలి. గ్రాఫు గీయాలి. అద్దకానికి ముందే ముడులు వేయాలి. ఇంతా చేసి నేసిన చీర ఫొటోను ఎవరో దించుకుని, అదే డిజైనును మామూలు బట్టమీద ప్రింటు వేసి 'పోచంపల్లి' అని అమ్మేస్తే? పోచంపల్లి ఇక్కత్‌కు 2000 దశకం మధ్యలోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. మన దేశంలో ఆ గుర్తింపు అందుకున్న తొలి ఉత్పత్తుల్లో ఇదొకటి. అయినా ప్రింటు చీరల బెడద తప్పలేదు. అందుకే కొత్త డిజైనును చీర అమ్ముడయ్యాకే నలుగురికీ చూపడం, గ్రాఫు కాగితం ఫొటోలో పడకుండా చూసుకోవడం మంచిది.

కొనేవాళ్లూ కళ్లు తెరవాలి. ఇక్కత్‌లో పోగుకే రంగు పడుతుంది కాబట్టి చీర రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. ప్రింటులో గీత కత్తితో కోసినట్టుంటుంది, వెనకవైపు రంగు వెలిసినట్టుంటుంది. 'వెనకవైపు వీడియో పంపండి' అని అడిగితే చాలు, సగం గుట్టు తెలిసిపోతుంది.

డబ్బు రావడానికి పిన్ ఎందుకు?
'పది చీరలు కావాలి. ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, అడ్వాన్స్ పడుతుంది' అని ఫోనొస్తే? యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి కాదు. 'పంపేశాం' అంటూ వచ్చే స్క్రీన్‌షాట్‌నూ నమ్మకూడదు. బ్యాంకు ఖాతా చూసుకున్నాకే చీర పార్సిల్ కట్టాలి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

సరదాకో వేళ
మగ్గం దగ్గర ఫోన్లో పాటలు వింటే పనిభారం తెలియదు. రీల్స్ సంగతి వేరు. చెవి పాటకిచ్చినా చేయి పనిచేస్తుంది. కళ్లే ఫోన్‌కి అప్పగిస్తే? ఒక్క పేక పోగు జరిగినా బొమ్మ చెదిరిపోతుంది. విప్పి మళ్లీ నేయాల్సిందే. కాబట్టి మధ్యాహ్నం భోజనాల వేళ ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి ఫోన్ చూసుకుంటే వ్యాపారం చెడదు, కాలక్షేపానికీ లోటుండదు.

ఆదివారాలు చూడటానికి వచ్చేవాళ్లకూ ఓ మాట. వీడియో తీసేముందు ఇంటివాళ్లను అడగండి. పెట్టేటప్పుడు ఊరి పేరు రాయండి. వాళ్లు సరేనంటే ఫోన్ నంబరూ ఇవ్వండి. మీ సరదా వీడియో ఆ ఇంటికి ఒక చీర బేరం తేవచ్చు.

ఇక్కడి పనిలో అసలు నేర్పంతా నేతకు ముందే, చిటికి కట్టడంలో ఉంటుంది. రబ్బరు పీలికతో ముడి బిగించినచోట రంగు అంటదు, వదిలేసినచోట అంటుకుంటుంది. ఏది కట్టాలో ఏది వదలాలో తెలిస్తేనే బొమ్మ తేలుతుంది. పోచంపల్లి చేతులకు ఆ లెక్క ఎప్పట్నుంచో తెలుసు. ఫోన్ పట్టుకున్నప్పుడూ అదే లెక్క!