మా మెయిల్ సర్వర్‌కి జోడీ పెట్టుకున్నాం: ఏం నేర్చుకున్నామంటే

ఇది రాద్దామని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాం. ఈ గ్రూపులో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు "అన్నా, మీ ఏఎస్ పేట మెయిల్ సంగతి ఏంది, మా కాలనీ పిల్లలకి కూడా పెట్టుకోవచ్చా" అని అడుగుతానే ఉన్నారు. పోస్టు పెద్దదే, తీరిగ్గా చదవండి. మేం చేసిన తప్పులు కూడా దాచకుండా రాస్తున్నాం, ఎందుకంటే మాకు పనికొచ్చింది ఎక్కువగా అవే.

ముందు అసలు మెయిల్ గోల ఎందుకో చెప్పాలి. మన పిల్లల్లో చాలామంది అప్లికేషన్లు నెట్ సెంటర్లోనే పెడతారు. మెయిల్ ఐడీ అడిగితే మన దగ్గర ఉండదు. అక్కడ కూర్చున్న అన్న తన ఐడీనో, అప్పటికప్పుడు ఇంకొకటి తయారుచేసో వేసేస్తాడు. ఫోన్ నంబరు కూడా ఒక్కోసారి ఆయనదే. మా కాలనీ చెల్లి ఒకామె ఇంటర్ అయ్యాక ఒక కోర్సుకి అట్టాగే అప్లై చేసింది. సర్టిఫికెట్లు చూపించడానికి ఫలానా తేదీకి రమ్మని మెయిల్ వచ్చింది. అది పోయింది నెట్ సెంటర్ ఐడీకి. అందులో అట్టాంటివి వందలు. ఆమెకి తెలిసేసరికి తేదీ దాటి నాలుగు రోజులు. వాళ్ళమ్మ మా దగ్గరికి వచ్చి "కాగితం వచ్చిందంట గదా నాయనా, ఎవురింటికి వచ్చింది?" అని అడిగింది. మాకు జవాబు లేదు. ఆ సంవత్సరం ఆ పిల్ల నిమ్మతోటల్లో కూలికి పోయింది.

సొంత ఐడీ ఉన్నవాళ్ళ కథ ఇంకో రకం. ఇంట్లో ఒకే ఫోను ఉంటుంది. నాన్న చేపలకి పోతా నీళ్ళలో పడేసుకుంటాడు. కొన్నాళ్ళు రీచార్జి చెయ్యకపోతే నంబరు పోతుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే ఓటీపీ ఆ పోయిన నంబరుకే వెళుతుంది. ఇంక ఆ మెయిల్‌కి తాళంచెవి లేనట్టే.

అందుకని మేం నలుగురం కూడి ఒక డొమైన్ పేరు కొన్నాం. మాలో ఒకడు హైదరాబాదులో సర్వర్ల పనే చేస్తాడు. నెలకి కొంత అద్దె కట్టి ఒక చిన్న వర్చువల్ సర్వర్ తీసుకున్నాం. మెయిల్ తీసుకోవడానికి, పంపడానికి పోస్ట్‌ఫిక్స్, డబ్బాల్లో దాచి ఫోన్లో చూపించడానికి డవ్‌కాట్ పెట్టాం. రెండూ ఉచితమే. పోస్ట్‌ఫిక్స్ రాసింది వీట్సె వెనెమా, డవ్‌కాట్ మొదలుపెట్టింది ఫిన్లాండు దేశపు టిమో సిరైనెన్. పాస్‌వర్డ్ మర్చిపోతే ఓటీపీ లేదు. పేటకి వచ్చి ముఖం చూపిస్తే చాలు, మార్చి ఇస్తాం. పిల్లలు కుల ధ్రువీకరణ, టీసీ, మార్కుల మెమోలు స్కాన్ చేసి తమ మెయిల్‌కి తామే పంపుకోవడం మొదలుపెట్టారు. అట్టా అది మెయిల్ మాత్రమే కాకుండా ఇంట్లో ట్రంకు పెట్టెలాగా అయింది.

ట్రంకు పెట్టె అంటే మనకి తెలిసిందే. 2021 నవంబరులో సోమశిల నుంచి నీళ్ళు వదిలి పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. ఏటి ఒడ్డు గుడిసెల సంగతి చెప్పేదేముంది? మా బంధువుల ఇంట్లో పట్టా, కుల సర్టిఫికెట్, రేషన్ కార్డు అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో, ఒకే పెట్టెలో ఉండేవి. పెట్టె పోతే అన్నీ పోయినట్టే. మళ్ళీ తెచ్చుకోవాలంటే ఎన్నిసార్లు తిరగాలో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు.

మేం తెలివైనోళ్ళం అనుకుని చేసింది కూడా అదే. అందరి కాగితాలూ ఒకే పెట్టెలో పెట్టాం, ఆ పెట్టె ఊరికి దూరంగా ఉందంతే. 2023 ఎండాకాలంలో ఒక రోజు ఆ అద్దె సర్వర్ డిస్కు చెడిపోయింది. అద్దెకిచ్చినోళ్ళకి ఫోన్ చేస్తే "బ్యాకప్ మీ బాధ్యత, ఒప్పందంలో రాసి ఉంది" అన్నారు. చదువుకుంటే నిజంగానే రాసి ఉంది. అరవై మందికి పైగా పిల్లల డబ్బాలు. మా దగ్గర మూడు నెలల కిందటి కాపీ ఒక్కటే ఉంది. ఆ మూడు నెలలూ అడ్మిషన్ల కాలం.

ఒక్క సంగతి మాత్రం మమ్మల్ని కాపాడింది. మన సర్వర్ పడిపోతే పంపినవాళ్ళ సర్వర్ ఆ మెయిల్‌ని వెంటనే పారెయ్యదు. వరసలో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, మామూలుగా నాలుగైదు రోజుల దాకా. మేం రెండో రోజుకి కొత్త సర్వర్ లేపాం కాబట్టి ఆ రెండు రోజుల మెయిల్స్ వచ్చాయి. పాత మూడు నెలలవి రాలేదు.

అప్పుడు అనుకున్నాం, జోడీ పెట్టాలని. పేటలో దర్గాకి పోయే దారిలో మాకు ఒక చిన్న గది ఉంది. అక్కడ ఒక పాత కంప్యూటర్ పెట్టి, దాన్ని రెండో సర్వర్ చేశాం. డవ్‌కాట్ 2.3లో దీనికి రెప్లికేషన్ అనే ఏర్పాటు ఉండేది. పని చేసే పద్ధతి ఇది. ఒక డబ్బాలో ఏదన్నా మారితే, అంటే కొత్త మెయిల్ వచ్చినా, చదివినట్టు గుర్తు పడినా, డ్రాఫ్టు దాచినా, ఆ కబురు రెప్లికేటర్‌కి వెళుతుంది. అది రెండో సర్వర్‌ని పలకరించి, రెండు చోట్లా ఏముందో పోల్చి, తేడా ఉన్నంతవరకే అటూ ఇటూ పంపుతుంది. ఒకరు యజమాని, ఇంకొకరు నౌకరు అని ఉండదు. ఎటు మారినా రెండోదానికి చేరుతుంది. ఇది కాక రోజుకొకసారి మొత్తం పోల్చి చూసుకుంటుంది.

పెట్టేటప్పుడు మేం ఇరుక్కున్న చోట్లు మూడు. ఒకటి, పేట కంప్యూటర్‌కి బయటి నుంచి దారి లేదు, ఇంటి నెట్ కనెక్షన్ గదా. అందుకని రెండిటి మధ్య వైర్‌గార్డ్‌తో సొరంగం లాంటిది వేశాం. అందులో పోయేది దారిలో ఎవరూ చదవలేరు. రెండు, రెండు మిషన్ల గడియారాలు ఒకటి కావాలి. పాత కంప్యూటర్లో బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టైమ్ ఎక్కడికో పోయేది. వంద రూపాయల్లోపు బిళ్ళ బ్యాటరీ కోసం మేం వారం రోజులు తల బాదుకున్నాం. మూడు, డవ్‌కాట్‌కి ఎవరెవరు ఉన్నారో పూర్తి జాబితా ఇవ్వాలి. జాబితాలో లేని మనిషి డబ్బా కాపీ కాదు, కాలేదని ఎవరూ చెప్పరు కూడా. స్టేటస్ చూసే కమాండ్ కొట్టి పేర్లు లెక్కపెడితే ఆరు పేర్లు తక్కువొచ్చాయి. జాబితాలో పేరు లేకపోతే మనిషే లేనట్టు. ఈ మాట మనకి కొత్త కాదు గదా.

ఇంకొకటి, పేట కంప్యూటర్ డిస్కుని తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేశాం. గదిలో దొంగలు పడినా పిల్లల ఆధార్ కాగితాలు వాళ్ళ చేతికి పోకూడదు. జోడీ పెట్టడమంటే కాపాడాల్సిన ఇళ్ళు రెండు అయినట్టే.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు కూడా వానలు. పేటలో రెండు రోజులు నెట్ లేదు. ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడుస్తా ఉంది. ఇద్దరు తమ్ముళ్ళు గదికొచ్చి, నెట్ లేకపోయినా తమ డబ్బాలు తెరిచి, అప్లికేషన్లకి కావలసిన కాగితాలు చూసుకుని, డ్రాఫ్టులు రాసుకుని పోయారు. ఆ రోజుల్లోనే అటు అద్దె సర్వర్‌లో కూడా వాళ్ళ డబ్బాల్లో వేరే డ్రాఫ్టులు చేరాయి, హాస్టల్లో ఉన్న అన్న అదే డబ్బా వాడడం వల్ల. ప్రతి మెయిల్‌కీ డబ్బాలో ఒక వరస నంబరు ఉంటుంది. దారి తెగినప్పుడు రెండు వైపులా ఒకే నంబరు రెండు వేరు వేరు కాగితాలకి పడింది. నెట్ వచ్చాక ఏం చేస్తుందో అని భయపడ్డాం. డవ్‌కాట్ ఏదీ పారెయ్యలేదు. రెండిటికీ కొత్త నంబర్లు ఇచ్చి రెండిటినీ ఉంచింది. ఆ రోజు మేం టీ కొట్టు దగ్గర నిలబడి పెళ్ళి అయినంత సంబరపడ్డాం.

సంబరం నాలుగు నెలలే. మాలో ఒకడు, పేరు చెప్పం, చోటు చాలట్లేదని పాత మెయిల్స్ ఏరేస్తా, పొరపాటున ఒక తమ్ముడి సర్టిఫికెట్ల ఫోల్డర్ తీసేశాడు. చూసుకుని "పేటలో కాపీ ఉంది గదా" అనుకుంటూ రెండో సర్వర్ తెరిచాడు. అక్కడా లేదు. తీసెయ్యడం కూడా ఒక మార్పే. జోడీ దాన్ని కూడా క్షణాల్లో నమ్మకంగా మోసింది. ఆ తమ్ముడు "అన్నా, రెండు చోట్ల ఉందన్నారు గదా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ కాగితాల్లో సగం మళ్ళీ స్కాన్ చేయించగలిగాం. స్కూలు వాళ్ళ దగ్గర తిరిగి తెచ్చుకోవాల్సినవాటికి మేమే తోడు పోయాం, మూడుసార్లు.

తర్వాత చదివి తెలుసుకున్నాం, పెద్దోళ్ళకి కూడా ఇట్టాగే అయిందని. 2011 ఫిబ్రవరి చివర్లో జీమెయిల్ స్టోరేజీ సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన ఒక లోపం వల్ల కొంతమంది డబ్బాలు ఖాళీ అయ్యాయి. మొత్తం వాడేవాళ్ళలో 0.02 శాతం మంది అని గూగుల్ చెప్పింది. గూగుల్‌కి ఎన్నో డేటా సెంటర్లలో కాపీలు ఉంటాయి. కానీ ఆ లోపం ఒకటి కాదు, పలు కాపీలని తాకింది. చివరికి కాపాడింది నెట్‌కి కలపకుండా విడిగా పెట్టిన టేపులు. వాటి నుంచి తిరిగి ఎక్కించారు. మన భాషలో చెప్పాలంటే, జోడెద్దులు రెండూ ఒకే కాడికి కట్టి ఉంటాయి. ఒకటి గుంతలో పడితే రెండోది కూడా పడుతుంది. విత్తనాల గింజలు మాత్రం వేరే చోట, ఎవరూ ముట్టని చోట ఉండాలి.

అందుకని ఇప్పుడు మా దగ్గర మూడు ఉన్నాయి. అద్దె సర్వర్, పేట కంప్యూటర్, ఒక హార్డ్ డిస్కు. ఆదివారం రాత్రి డిస్కు తగిలించి కాపీ తీస్తాం, పీకేసి ఆత్మకూరులో ఒక అన్న ఇంట్లో బీరువాలో పెడతాం. అది ఎన్‌క్రిప్ట్ చేసిందే. పాత కాపీ మీద కొత్తది రాయం, నాలుగు వారాలవి ఉంచుతాం. నెలకొకసారి ఎవరో ఒకరి డబ్బాని, వాళ్ళని అడిగి, వాళ్ళ ముందే తిరిగి ఎక్కించి చూస్తాం. ఎక్కించి చూడని కాపీని మేం కాపీగా లెక్కెయ్యడం లేదు.

మీలో ఎవరన్నా మొదలుపెట్టాలనుకుంటే ఒక జాగ్రత్త. 2025లో వచ్చిన డవ్‌కాట్ 2.4లో ఆ రెప్లికేషన్ ఏర్పాటు తీసేశారు. చూడకుండా అప్‌డేట్ కొడితే జోడీ ఆగిపోతుంది. రెండు డబ్బాల్ని పోల్చి సరిచేసే సింక్ కమాండ్ మాత్రం ఇంకా ఉంది. మేం దాన్ని ఐదు నిమిషాలకొకసారి దానంతట అదే నడిచేటట్టు పెట్టుకున్నాం. క్షణాల్లో కాకపోయినా మనలాంటోళ్ళకి అది చాలు. చేతగాకపోతే సర్వర్ జోలికే పోవద్దు, మామూలు ఉచిత మెయిలే వాడుకోండి. కానీ మీ పిల్లల కాగితాలు ఒక పెన్ డ్రైవ్‌లో కూడా వేసి, ఇంట్లో కాకుండా వేరే ఇంట్లో పెట్టండి.

ఆ చెల్లి మరుసటి సంవత్సరం మళ్ళీ అప్లై చేసింది. ఈసారి తన మెయిల్‌తో. కాలేజీ నుంచి కబురు వచ్చినప్పుడు ముందుగా చూసింది ఆమే. తర్వాత వాళ్ళమ్మకి చదివి వినిపించింది. ఇప్పుడు ఆదివారం డిస్కు తగిలించే వంతుల్లో ఆమె పేరు కూడా ఉంది.

మీ కాలనీ వాళ్ళెవరన్నా నేర్చుకోవాలంటే ఆదివారం సాయంత్రం పేటకి రండి. వచ్చేటప్పుడు మీ పిల్లల పేర్ల జాబితా రాసుకుని రండి, ఒక్క పేరు కూడా తగ్గకుండా.